ఎర్ర అక్షరాలు చదివిన కుందేలు

అనగనగా ఒక అడవి. ఊళ్ళన్నిటికీ కంప్యూటర్లు వచ్చాక అడవికి మాత్రం రాకుండా ఉంటాయా? వచ్చాయి.

ఆ అడవిలో, వాగు పక్క పల్లంలో, ధవళ అనే కుందేలు తల్లితో కలిసి ఉండేది. కుందేలంటేనే భయం. ధవళకు ఆ భయం మరో పిడికెడు ఎక్కువ. కిందటి వానాకాలం వాగు చెప్పాపెట్టకుండా పొంగి బొరియలోకి వచ్చేసింది. తల్లీకూతుళ్ళు ఎలాగో బయటపడ్డారు. చిట్టి చెల్లెలు కొట్టుకుపోయింది.

ఆ తర్వాత మృగరాజు చాటింపు వేయించాడు. "వాగు పొంగితే పల్లంలో గంట మోగాలి. దాన్ని మోగించే ప్రోగ్రాం రాయగలవారికి మా కొలువులో ఉద్యోగం."

ధవళకు గురువు లేడు, బడి లేదు. "నేనే నేర్చుకుంటానమ్మా," అంది.

"సింహం గడప తొక్కుతావటే? వింటేనే నాకు గుండె దడ," అంది తల్లి.

"ఈసారీ ఎవరూ హెచ్చరించకపోతే? నాకు ఆ దడే ఎక్కువమ్మా."

ముందు వీడియోలు చూసింది. పాఠం చెప్పే కొంగ ఏ వరుస రాస్తే తనూ అదే రాసింది. తెర మీద గంట గణగణ మోగింది. ఇక వచ్చేసినట్టే అనుకుంది. తీరా వీడియో ఆపి సొంతంగా రాయబోతే ఒక్క వరుసా రాలేదు.

అయినా తడబడుతూ రాసింది. ఈసారి తెర నిండా ఎర్ర అక్షరాలు. తప్పు ఉంటే కంప్యూటర్ అలాగే ఎర్రగా చెబుతుంది. వాటిని చదివే ధైర్యం లేక, ఏ వరుస దగ్గర ఎరుపు వచ్చిందో ఆ వరుసనే తుడిచేసింది. ఎరుపు పోయింది. హమ్మయ్య అనుకుని, నీటిని కొలిచే కడ్డీని కుండలో పెట్టి నీళ్ళు పోసింది. గంట మోగలేదు. నీళ్ళు అంచు దాటి నేల మీదికి పారాయి. ఆ చప్పుడుకు ధవళకు చెల్లెలు గుర్తొచ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత తుడిచిన వరుసను మళ్ళీ రాసి, ఎర్ర అక్షరాలను మొదటిసారి పైకి చదివింది. సగం అర్థం కాలేదు. కానివాటిని వెతికి తెలుసుకుంది. అప్పటినుంచి అదే అలవాటు చేసుకుంది.

ఇంతలో మబ్బులు కమ్మాయి. కొలువు నుంచి పరీక్షకు పిలుపు వచ్చింది.

మంత్రి ఏనుగు చెడిపోయిన ఒకే గంట ప్రోగ్రాంను ఉద్యోగం కోరి వచ్చిన నక్కకూ, ధవళకూ ఇచ్చి బాగుచేయమంది. పక్కనే సింహం ఆవులించింది. ఆ కోరలు చూడగానే ధవళకు నేర్చుకున్నదంతా ఆవిరైపోయింది.

నక్క తెర మీద ఎరుపు రాగానే ఒక వరుస తుడిచేసి, "అయిపోయింది ప్రభూ, ఎరుపే లేదు," అంది.

"నక్క రెప్పపాటులో ముగించింది. నీకింకా ఎంతసేపే?" అని సింహం గుర్రుమంది.

ధవళ కాలు తుడిచే మీట మీదికి వెళ్ళింది. నొక్కితే చాలు, ఈ కోరల ముందు నుంచి బయటపడవచ్చు. కుండ పొర్లిన చప్పుడు చెవిలో మెదిలింది. కాలు వెనక్కి తీసుకుంది. భయపడుతూనే ఎర్ర అక్షరాలు పైకి చదివింది.

"అయ్యా, ఈ ఒక్క మాట నాకు తెలియదు. వెతుక్కోవచ్చా?"

"వెతుక్కో తల్లీ, వద్దన్నదెవరు?" అంది ఏనుగు.

వెతికితే తెలిసింది. కడ్డీ కొలత చెప్పకముందే ప్రోగ్రాం లెక్క మొదలుపెడుతోంది. ధవళ వరుసలు ముందువెనకలు మార్చింది.

ఏనుగు తొట్టెలో కడ్డీ పెట్టి, ముందు నక్క ప్రోగ్రాంతో తొండమెత్తి నీళ్ళు పోసింది. తొట్టె పొర్లి సింహం కాళ్ళు తడిశాయి. గంట మోగలేదు. తొట్టె ఖాళీ చేసి ధవళ ప్రోగ్రాంతో పోసింది. నీళ్ళు అంచుకు రాకముందే గంట గణగణమంది. ఆ మోతకు ధవళే అదిరిపడి బల్ల కింద దూరింది.

"నువ్వు మోగించిన గంటకే భయమా?" అని ఏనుగు నవ్వింది.

"భయమేనయ్యా. ఎర్ర అక్షరాలన్నా భయమే. అయినా చదివాను."

"రేపటి నుంచి కొలువుకు రా," అన్నాడు మృగరాజు.

ఆ వానాకాలం వాగు పొంగింది. గంట మోగింది. పల్లంలోని పిల్లాజెల్లా అంతా ముందే గట్టు మీదికి చేరారు. ఖాళీ బొరియలోకి నీళ్ళు జొరబడటం చూస్తూ తల్లి కుందేలు కూతురి చెవులు నిమిరింది.

పిల్లలూ, తప్పును చూసి భయపడినా ఫరవాలేదు. దాన్ని తుడిచేసి దాచకుండా చదివి తెలుసుకున్నవారికే విద్య అబ్బుతుంది.