మూడు వందల పన్నెండో పేరు

చెన్నకేశవులుకి నలుగురిలో తల కొట్టేసినట్టయింది. కంటి ఆసుపత్రిలో, పెద్ద డాక్టరు ఎదుటే, సిస్టర్ సలోమి అతని ప్రోగ్రాం గురించి "ఇది ముందుకు పోదు సార్" అనేసింది.

అది ధర్మాసుపత్రి. నీటికాసుల ఆపరేషను కోసం పేర్లు రాయించుకున్నవాళ్లు అక్కడ నాలుగొందల పైచిలుకు ఉన్నారు. నీటికాసులంటే ఆలస్యమైన కొద్దీ చూపు పోతుంది, పోయింది తిరిగి రాదు. ఈ జనాన్ని వరసగా పిలవడానికి కేశవులు సి భాషలో ప్రోగ్రాం రాసిచ్చాడు. అది ఫైల్లోంచి ఒక పేరు చదివి చీటీ అచ్చు వేస్తుంది. సలోమి ఆ మనిషికి ఫోను చేసి మీట నొక్కితే తర్వాతి పేరుకి పోతుంది. పలుకుబడి ఉన్నవాళ్లు వరస దూకకుండా, మధ్యలోకి వెళ్లే దారి అసలు పెట్టలేదు. ఆ సంగతి కనిపించినవాడికల్లా చెప్పుకున్నాడు కూడా.

మార్కాపురంలో ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పోయి వచ్చినప్పుడల్లా ప్రోగ్రాం మళ్లీ ఒకటో పేరు దగ్గర మొదలయ్యేది. ఆపరేషను అయిపోయి నల్లద్దాలు పెట్టుకు తిరుగుతున్నవాళ్లకి మళ్లీ చీటీలు.

"ఆర్నెల్లయింది, నూట నలభై దాటలేదు," అంది సలోమి. "మొదట్లో ఉన్నోళ్లు నన్ను తిడతన్నారు. చివర్లో ఉన్నోళ్లకి తిట్టడానికి నా నంబరు కూడా తెలవదు."

"తప్పు కరెంటుది సిస్టర్. ప్రోగ్రాంలో ఒక్క ఎర్రర్ చూపించండి," అని కేశవులు కాగితాలు లాక్కుని వచ్చేశాడు.

ఆ మాట ఖాసిం పీరా సారు నోట కూడా అనిపిద్దామని ఆయన దగ్గరికి బయల్దేరాడు.

పలకల కార్ఖానా మీది గదిలో ఇరవయ్యేళ్లు సి నేర్పిన మనిషి ఖాసిం పీరా. ప్రోగ్రాం ముందు పలక మీద రాయాలి, నోటితో నడిపి చూపించాలి, అప్పుడు గాని కంప్యూటరు ముట్టుకోనిచ్చేవారు కాదు. అక్కడ చదివినవాళ్లలో కేశవులు మొదటివాడు. అది సారుకి తెలుసు, అంతకన్నా బాగా కేశవులుకి తెలుసు.

ఆసుపత్రి జాబితాలో సారు పేరు కూడా ఉంది, మూడు వందల పన్నెండోది. రాయించిన రోజు కేశవులు, "మీ పేరు పైకెక్కిస్తా సార్" అన్నాడు. "పైనున్నోళ్లవి కళ్లు కావా?" అన్నారాయన. ఆ మాట విని వెళ్లిన శిష్యుడు మళ్లీ ఆ మెట్లెక్కడం ఇదే. ఏడు నెలలు! సైకిలు మీద పది నిమిషాల దూరం. నాకైతే ప్రోగ్రాంలో తప్పు కన్నా ఇదే పెద్ద తప్పనిపిస్తుంది.

"ఎవరూ?" అన్నారు సారు, మంచం మీదినుంచి.

"నేనే సార్, కేశవుల్ని."

మాట వినబడేదాకా సారు తనవైపు తిరగలేదన్న సంగతి కేశవులు పట్టించుకోలేదు. వచ్చింది తన గోడు వెళ్లబోసుకోవడానికి. అంతా చెప్పి కాగితాలు చేతికివ్వబోయాడు.

"నువ్వే చదువు. నేను వింటా."

కేశవులు చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో లైను దగ్గర సారు చెయ్యెత్తారు.

"ఆ కిటికీ తెరువు."

తెరిచి వచ్చాడు.

"మొదట్నుంచి చదువు."

మళ్లీ చదివాడు. పద్దెనిమిదో లైను రాగానే సారు తలెత్తారు.

"ఎఫ్‌టెల్ వాడావే!"

"వాడాను సార్," అన్నాడు కేశవులు పొంగిపోయి. "మీరు చెప్పిందే కదా. ఫైల్లో ఎంతవరకు చదివామో చెప్పేది."

"చెప్పిందాన్ని ఏం చేశావు?"

"తెర అడుగున చూపిస్తున్నా సార్. నూటికి ఇంత అయింది అని. చూట్టానికి బాగుంటది."

"ఊఁ," అన్నారు సారు. "కుండలో నీళ్లు ముంచుకురా."

నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "మొదట్నుంచి చదువు" అన్నారు.

కేశవులు పళ్లు బిగబట్టి చదివాడు. పదో లైను దాటాడో లేదో, మెట్ల కింద విడిచిన తన చెప్పులున్నాయో లేదో చూసి రమ్మన్నారు సారు. అతను మెట్లు దిగాడు, చూశాడు, రొప్పుతూ ఎక్కాడు.

"ఉన్నాయి సార్."

"మంచిది. మొదట్నుంచి చదువు."

ఇక ఆగలేకపోయాడు.

"ఇదేంది సార్? ఇందాక పద్దెనిమిది దాకా వచ్చాం కదా, అక్కడ్నుంచి చదువుతా. లేచినప్పుడల్లా మొదటికొస్తే, అడుగునున్న లైన్లు ఎప్పటికీ రావు!"

అని, నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయాడు.

కింద కార్ఖానాలో రంపం పలక కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

తెర అడుగున అందంగా కనబడే ఆ అంకెని తను ఎక్కడా రాసి పెట్టలేదు. కరెంటుతో పాటే అదీ పోతోంది. కేశవులు కాగితాలు నేల మీద పరిచి ఆ లైను వెతుక్కున్నాడు.

"నాలుగు లైన్ల పని సార్," అన్నాడు గబగబా. "ఎంతవరకు వచ్చామో వేరే ఫైల్లో రాసి పెడతా. మళ్లీ మొదలైనప్పుడు ఎఫ్‌సీక్‌తో సరాసరి అక్కడికే పోతుంది. ఈ పూటే చేసేస్తా. రెండు వారాల్లో మీ పేరు వచ్చేస్తది సార్."

సారు గ్లాసు కోసం చెయ్యి చాపారు. ఆ చెయ్యి మంచం పట్టె తడిమింది, నేల తడిమింది, గ్లాసుకి తగిలి దాన్ని పడేసింది. కేశవులు అప్పుడు చూశాడు ఆయన కళ్లకేసి.

"పోయిన నెల ఒంగోలు పోయి చూపించుకున్నా," అన్నారు సారు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. "రెండూ అయిపోయినాయంట. ఇంక కోసినా ఉపయోగం లేదన్నాడు."

కేశవులు మంచం పక్కన కూలబడి ఆయన పాదాలు పట్టుకున్నాడు. "నన్ను కొట్టండి సార్," అని ఏడ్చాడు. సారు కొట్టలేదు, తల నిమరనూ లేదు.

"లే. ఆసుపత్రి కట్టేసేలోపు పో."

కేశవులు లేచి కాగితాలు ఏరుకున్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి సారు పిలిచారు.

"కేశవులూ! మూడొందల పన్నెండు దగ్గర ఆగమాక. నా తర్వాతోళ్లని పిలువు."