ఆవకాయ జాడీకి అదిరిపడ్డ అవధాని

పాలమర్తి సంస్థానాన్ని ఏలే చెన్నభూపతికి ఆ ఎండాకాలంలో ఒళ్లు మండిపోయింది. తను ఎంత ముఖ్యమైన సంగతి చెబుతున్నా సభలో సగంమంది కునికిపాట్లు పడుతున్నారు మరి!

"అరవకుండా, తొయ్యకుండా వీళ్లందర్నీ ఒక్కసారిగా గంతేయించగలవాడు ఎవడైనా ఉన్నాడా? వాడికి కొలువిస్తాను" అన్నాడు.

గాజులు చేసే కాశయ్య ముందుకొచ్చాడు. గిరాకీ లేక అతని గాజుల బేరం పడిపోయి ఆర్నెల్లయింది. ఈ కొలువు దొరక్కపోతే పెళ్లాంబిడ్డలతో ఊరు వదలాల్సిందే. ఆ ఆర్నెల్లూ కూర్చుని తయారుచేసిన ఒక వింత జాడీని, దాని చక్రాన్ని తెచ్చి రాజు ముందు పెట్టాడు.

"ఇది గాజు జాడీ ప్రభూ. లోపలా బయటా తగరపు రేకు అంటించాను. మూతలోంచి దిగిన ఈ ఇత్తడి కడ్డీ లోపలి రేకును తాకుతుంది. ఈ చక్రం తిప్పితే గాజు గోళం పట్టుగుడ్డకు రాసుకుని మెరుపు పుడుతుంది. అది కడ్డీ వెంట దిగి జాడీలో కూర్చుంటుంది. ఒకరు జాడీ పట్టుకోవాలి, మిగతావాళ్లు చేతులు పట్టుకుని వరుసగా నిలబడాలి. చివరివాడు కడ్డీ ముట్టుకుంటే చాలు, మెరుపు అందరి ఒంట్లోంచీ పోతుంది."

ఆస్థాన పండితుడు అనంతావధాని పకపకా నవ్వాడు. తనకు తెలియనిది లోకంలో ఉందంటే ఆయన ఒప్పుకునే రకం కాదు.

"మెరుపును జాడీలో పెడతాడట! ఇది పనిచేస్తే నా కాలి గండపెండేరం తీసి, నా చేతుల్తో వీడి కాలికి తొడుగుతాను. పనిచెయ్యకపోతే వీణ్ణి పొలిమేర దాటించండి ప్రభూ."

రాజు సరేనన్నాడు. అవధానితో కలిపి పదిమంది వరుసకట్టారు. అవధాని పక్కన గుర్రాలు కడిగే ముత్యాలు వచ్చి నిలబడ్డాడు. అవధాని ముక్కు చిట్లించి, పట్టుశాలువా కొంగు నాలుగు మడతలు పెట్టి చేతికి చుట్టుకుని, అప్పుడు అందించాడు.

కాశయ్య చక్రం తిప్పాడు. చివరివాడు కడ్డీ ముట్టుకున్నాడు. ఒక్కడూ ఉలకలేదు, పలకలేదు.

"చూశారా ప్రభూ!" అన్నాడు అవధాని.

పాపం, కాశయ్య వరుస పొడుగునా ఒక్కొక్కరి చేతులూ చూసుకుంటూ వచ్చాడు. అంతలో అతని చూపు ఆ శాలువా మడతల మీద పడింది.

"ఓడిపోయాను ప్రభూ. ఈ మెరుపు మహాపండితులకే తగులుతుందేమో. సభలో అంతటివారెవరో తేల్చి, ఆ పైన ఊరు వదులుతాను. ఒక్కసారి సెలవివ్వండి" అన్నాడు.

రాజు తలూపాడు. కాశయ్య జాడీ తుడుచుకొస్తానని వంటశాలలోకి వెళ్లి, గుడ్డ కప్పి తెచ్చాడు. చివరివాడు గుడ్డలోంచి పొడుచుకొచ్చిన ఇత్తడి కాడ ముట్టుకున్నాడో లేదో,

"అమ్మో! చచ్చాన్రో!" అంటూ అవధాని మూరెడెత్తు ఎగిరాడు.

మిగతా తొమ్మిదిమందీ నోళ్లు తెరుచుకుని ఆయన్నే చూశారు.

"తగలాల్సినవాడికే తగిలింది" అంటూ అవధాని శాలువా సర్దుకున్నాడు.

కాశయ్య గుడ్డ తీశాడు.

"ఇది వంటశాలలోని ఆవకాయ జాడీ అవధానిగారూ. అందులో ఉన్నది గరిటె!"

సభ గొల్లుమంది. రాజు కళ్లు తుడుచుకుని, "అయినా నీ జాడీ పనిచెయ్యలేదు కదయ్యా?" అన్నాడు.

"పట్టు మెరుపును పుట్టిస్తుందే గానీ తనలోంచి పోనివ్వదు ప్రభూ. అవధానిగారు ముత్యాలుకు చెయ్యి ఇవ్వలేదు, శాలువా ఇచ్చారు."

"శాలువా తీయండి!" అన్నాడు రాజు.

అవధాని ఉత్త చెయ్యి ఇవ్వక తప్పలేదు. అసలు జాడీ వచ్చింది, చక్రం తిరిగింది. పదిమందీ ఒక్కసారే ఎగిరిపడ్డారు. అవధాని తలపాగా ఎగిరి ముత్యాలు నెత్తిన పడింది.

ఇక పందెం మిగిలింది. అవధాని గండపెండేరం ఊడదీసి, కాశయ్య ముందు వంగాడు. వంటశాల పొయ్యి దగ్గర బూడిద తొక్కిన ఆ కాలిని ముట్టుకోవడానికి ఆయనకు చెయ్యి రావడం లేదు.

కాశయ్య ఎంతో వినయంగా అడిగాడు.

"పట్టుగుడ్డ ఏమైనా కావాలా అవధానిగారూ?"

రాజు నవ్వలేక సింహాసనం మీద పక్కకు వాలిపోయాడు. ఆ నవ్వులోనే కాశయ్యకు కొలువిచ్చి, జాడీని సింహాసనం పక్కన పెట్టించాడు. ఆ రోజు నుంచి సభలో కునుకు తీసినవాడు లేడు.