నాలుగోసారి అడగని ప్రశ్న

దేశాలన్నీ కలిసి ఒక పరాయి నగరంలో పెట్టుకున్న పెద్ద న్యాయస్థానంలో వకుళ అనే తెలుగమ్మాయి ఇంటర్న్‌గా పనిచేస్తుండేది. తెలివికి లోటు లేదు గానీ, అందరికంటే ముందు పని ముగించి శభాష్ అనిపించుకోవాలన్న తొందర ఆమెకు జాస్తి.

తీర్పులు చెప్పేది జడ్జీలు. వకుళ కూర్చునేది పర్యవేక్షణ, మూల్యాంకన విభాగంలో. పేరు చూసి బెదిరిపోకండి! కోర్టు తాను చేస్తానన్న పనులు సరిగ్గా చేస్తోందా లేదా అని చూసి నివేదిక రాసే విభాగం, అంతే. ఊచకోతలు కళ్లారా చూసి, ప్రాణాలకు తెగించి సాక్ష్యం చెప్పినవాళ్ల ఇళ్ల దగ్గర ఆ కోర్టు కాపలా పెట్టించింది. ఆ కాపలా ఇంకా ఎవరికి అవసరం, ఎవరికి తీసేయొచ్చు అన్నది తేల్చాలి. పదకొండు మంది సాక్షులకు ఫోన్ చేసి కనుక్కునే పని వకుళకు అప్పగించారు.

విభాగం అధికారి వేదవల్లి గారు మన బందరు మనిషే. వకుళను పిలిచి కూర్చోబెట్టారు.

"చూడమ్మా, వీళ్లంతా కొండ ప్రాంతం వాళ్లు. వాళ్లదొక మర్యాద. కష్టం ఉందా అంటే మూడుసార్లు లేదనే అంటారు. నాలుగోసారి అడిగితేనే నోరు విప్పుతారు. ముందే చెప్పుకుంటే ఎదుటివాళ్ల నెత్తిన బరువు పెట్టినట్టు."

"ఇదెక్కడి మర్యాద మేడమ్!" అని వకుళ నవ్వింది.

"ఏం, నువ్వు పెళ్లి బంతిలో ఎప్పుడూ వడ్డించలేదా? 'చాలు చాలు' అనగానే గరిటె వెనక్కి తీసుకుంటే మీ అమ్మ ఊరుకుంటుందా?"

"చంపేస్తుంది మేడమ్."

"అదే మరి. నాలుగుసార్లు అడుగు. ఎన్నిసార్లు అడిగావో ఫారంలో రాయి."

మొదటి ఐదుగురినీ వకుళ బుద్ధిగానే అడిగింది. ఒక్కొక్కరికీ గంట పట్టింది. అందులో ఒకాయన మూడుసార్లు బాగున్నానని చెప్పి, నాలుగోసారికి బావురుమన్నాడు. ఇంతలో శుక్రవారం వచ్చింది. ఆ మధ్యాహ్నానికల్లా నివేదిక ఇచ్చిన ఇంటర్న్‌లను డైరెక్టర్ గారు స్వయంగా పిలిచి మెచ్చుకుంటారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఇంకా ఆరుగురు మిగిలి ఉన్నారు.

ఆరో పేరు మిరేమా. భర్తనూ, ఇద్దరు అన్నలనూ చంపినవాళ్లను కోర్టులో వేలెత్తి చూపించిన ముసలమ్మ. అదే కొండ ప్రాంతం నుంచి వచ్చిన దుభాషి యోరన్ వకుళ పక్కన కూర్చుని ఇద్దరి మాటలూ తర్జుమా చేస్తున్నాడు.

"మీకు ఎవరివల్లనైనా భయం ఉందా అమ్మా?" అని వకుళ అడిగింది.

"దేవుడి దయవల్ల బాగానే ఉన్నాను బిడ్డా. నువ్వు అన్నం తిన్నావా?" అంది మిరేమా. ఆ తర్వాత మాట్లాడలేదు.

యోరన్ తలెత్తి చూశాడు. "మళ్లీ అడగమంటారా?"

"బాగానే ఉన్నానంటోందిగా!"

"ఆవిడ ఇంకా ఫోన్ పెట్టేయలేదమ్మా. ఎదురుచూస్తోంది."

"మీరూ మీ కొండవాళ్లూ ఒకటే నస యోరన్ గారూ. ధన్యవాదాలు చెప్పి పెట్టేయండి. ఇంకా ఐదుగురున్నారు."

యోరన్ అలాగే చేశాడు. వకుళ ఫారంలో 'నాలుగుసార్లు అడిగాను, భయం లేదు' అని రాసింది. మిగతా ఐదుగురినీ ఒక్కొక్కసారే అడిగి, అదే మాట రాసింది. అందరికంటే ముందు నివేదిక ఇచ్చింది. డైరెక్టర్ గారు చేయి కలిపారు. వారం తిరక్కుండానే ఆ ఆరుగురి ఇళ్ల దగ్గర కాపలా తీసేశారు.

కాపలా తీసేసిన పంతొమ్మిదో రోజు కబురొచ్చింది. పట్టపగలు, వాకిట్లో బట్టలు ఆరేసుకుంటున్న మిరేమాను ఎవరో కాల్చి చంపారు. ఆ తల్లి ఆత్మకు భగవంతుడు శాంతినివ్వాలి.

వేదవల్లి గారి ముఖం పాలిపోయింది. అయినా వకుళ భుజం మీద చెయ్యి వేశారు. "నాలుగుసార్లు అడిగావు కదమ్మా. ఆవిడే చెప్పలేదు. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ తప్పు లేదు, బాధపడకు."

ఎంత చల్లటి మాటలు! నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. యోరన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతను కోపంగా చూడలేదు. అసలు వకుళ వైపే చూడలేదు. కళ్లు తుడుచుకుంటున్నాడు. మిరేమా అతని పక్క లోయ మనిషి.

వకుళ వేదవల్లి గారి వైపు తిరిగింది. "ఒక్కసారే అడిగాను మేడమ్. ఆరుగురినీ అంతే. అబద్ధం రాశాను."

వేదవల్లి గారు చెయ్యి తీసేశారు. తర్వాత ఫోన్ వకుళ ముందుకు జరిపారు.

"ఏడవడం తర్వాత. మిగిలిన ఐదుగురికీ ఇప్పుడే చెయ్యి."

వకుళ ఒక్కొక్కరినీ నాలుగేసిసార్లు అడిగింది. ముగ్గురు నిజంగానే క్షేమంగా ఉన్నారు. ఇద్దరు మాత్రం, నాలుగోసారికి, తమ ఇంటి చుట్టూ కొత్త మనుషులు తిరుగుతున్నారని చెప్పారు. ఆ సాయంత్రమే వాళ్లకు కాపలా మళ్లీ పెట్టారు. మర్నాడు వకుళను పనిలోంచి తీసేశారు. ఆమె ఎవరినీ బతిమాలలేదు. ఇద్దరు దక్కారని వేదవల్లి గారు అన్నప్పుడు కూడా ఆమె ముఖం తేటపడలేదు. దక్కనిది ఎవరో ఆమెకు తెలుసు.

నీతి: ఇతరుల క్షేమం కనుక్కునే పని చేపట్టినవారు ఓపికగా, నిజాయితీగా కనుక్కోవాలి; అడగకుండానే అడిగామని రాస్తే, ఆ తర్వాత ఎంత పశ్చాత్తాపపడినా పోయిన ప్రాణం తిరిగి రాదు.