భూదవ్వ వాడల కేకలుండయ్

వినుండ్రి, పిల్లలూ పెద్దలూ. ఎప్పటి ముచ్చటో నాకు తెల్వదు, మా అవ్వకూ తెల్వదు. బట్టలు నేసే సాలెల వాడ ఒకటుండె. అండ్ల భూదవ్వ అనే పేద ముసల్ది నేతకు దారం కండెలు చుట్టి బతికేది. ఆమెకు ఒక్కడే తమ్ముడు, సాంబయ్య.

సాంబయ్యకు ఎవ్వరికీ వినవడని గొంతులు వినవడేవి. "నిన్ను సంపుతరు, పారిపో" అనేవట. పాపం, ఎంత భయపడెనో!

మగ్గానికెక్కే దారాలను పొద్దుగాల వీధి పొడుగూత సాపి గంజి పట్టిస్తరు. దాన్నే పడుగంటరు. ఆ కొస నుంచి ఒకడు కేకేస్తడు, ఈ కొస నుంచి ఇంకొకడు కేకేస్తడు. నడుమ గంజి కుంచె పట్టుకొని సాంబయ్య. ఒకసారి పడుగు తెంపిండు. తిట్టిండ్రు. రెండోసారి తెంపిండు. దయ్యం పట్టిందని వేపమండలతోని కొట్టిండ్రు. మూడోసారి తెంపిండు. గొలుసేసి గుంజకు కట్టిండ్రు.

"రేపు గుట్ట మీద ఇడిచొస్తం" అన్నడు కులపెద్ద రామస్వామి. అక్కడ ఇడిచినోళ్లల్ల తిరిగొచ్చినోడు లేడు.

భూదవ్వ పోయి తమ్ముని పక్కన కూసుంది.

"ఏమంటున్నయ్ రా తమ్మీ?"

"సంపుతమంటున్నయ్ అక్కా. నీకు వినవడ్తలేదా?"

"నాకైతే లేదు. నీకు వినవడ్తున్నది. భయమైతుందా?"

"మస్తు భయమైతుంది. అందరు కేకలేస్తే ఏది మనిషి గొంతో తెలుస్తలేదు."

అప్పటిదాక వాన్ని ఎవ్వరూ ఆ మాట అడగలే. భూదవ్వ లేచి కులపెద్ద ముంగట నిలవడ్డది.

"పెద్దయ్యా, మూడు పడుగులదాక ఎవ్వరూ కేకెయ్యద్దు. చెప్పాల్నంటే వాని ముంగటికొచ్చి, పేరు చెప్పి, మెల్లగ చెప్పుండ్రి. అయినా తెంపిండా, నన్ను గూడ గుట్ట మీద ఇడువుండ్రి."

"కేకెయ్యకుంట గంజి పడ్తదానే?" అని నవ్విండ్రు. కని ఒప్పుకొని సాంబయ్య గొలుసు ఇప్పిండ్రు.

మొదటి పడుగు తెగలే. రెండో పడుగు తెగలే. మూడో పడుగు నడుమ సాంబయ్య కుంచె ఇడిచి చెవులు మూసుకున్నడు. అప్పుడు కులపెద్దే నడిచొచ్చి ముంగట నిలవడ్డడు. "నేను రామస్వామిని రా. మెల్లగ కానీ" అన్నడు. సాంబయ్య కుంచె అందుకున్నడు. ఆ పడుగూ తెగలే.

గొంతులు పోయినయా? పోలే. అబద్ధమెందుకు చెప్తా? వైద్యుని మందుతోని తగ్గేవి, మల్ల వచ్చేవి. భూదవ్వ రోజూ అడిగేది, రోజూ వినేది.

ఏండ్లకు భూదవ్వ సచ్చిపోయింది.

"అక్క పోయిందని గొంతులు చెప్తున్నయ్. నిజమేనా?" అన్నడు సాంబయ్య.

వాడంత ఒక్కొక్కరే ముంగటికొచ్చి, పేరు చెప్పి, చెయ్యి పట్టుకున్నరు. "నిజమే సాంబన్నా. మేమున్నం" అన్నరు.

ఇప్పటికీ ఆ వాడల గంజి పట్టేటప్పుడు కేకలుండయ్. ఎవరన్న మర్చి కేకేస్తే తిట్టరు. "నడిచిపోయి చెప్పు బిడ్డా, భూదవ్వ అట్లనే చెప్పేది" అంటరు.