నాచమ్మ ఎర్రబడిన కథ

ఒకప్పుడు సముద్రంలో నాచంతా పచ్చగానే ఉండేది. సుఖంలోనూ పచ్చనే, కష్టంలోనూ పచ్చనే. అసలు కష్టమంటే ఏమిటో దానికి తెలిస్తేగా!

ఆ నాచుల్లో నాచమ్మ ఒకతి. దాని పక్కన పెడితే ఆవగింజ కూడా గుమ్మడికాయలా కనబడేది, అంత చిన్నది. తినడం, రెండుగా చీలి పిల్లను కనడం, మళ్లీ తినడం. ఇంత పని చేసి అలిసిపోయానని కూడా అనేది, పాపం.

ఒకరోజు ఉప్పుమడి చేసుకునే దాలమ్మ, పోటు వేళ గట్టు తెంచి సముద్రపు నీళ్లు మడిలోకి పెట్టుకుంది. ఆ నీళ్లతో పాటు నాచమ్మా, దాని చిన్నకూతురూ, ఇరుగుపొరుగు నాచులూ వచ్చిపడ్డారు. దాలమ్మ గట్టు మూసేసింది.

నాలుగు రోజుల్లో నీళ్లు సగమయ్యాయి. ఉప్పు రెట్టింపయింది. తిండి నిండుకుంది. ఎండకు కూతురు పాలిపోయింది. ఇంకో రెండు రోజులైతే బతకదు.

నాచమ్మ సూర్యుడితో మొరపెట్టుకుంది. ఎండ కాయడం వరకే తన పని, నీడ ఇచ్చే శాఖ వేరే అని ఆయన సెలవిచ్చాడు. ఉప్పును అడిగితే, ఇరుకైనప్పుడు సర్దుకోవాలని నీతి చెప్పి, ఇంకాస్త జరిగి కూర్చుంది. సముద్రుడు మాత్రం చాలా మర్యాదస్తుడు. పది రోజుల తర్వాత వచ్చే అమావాస్య పోటుకు కనబడమన్నాడు.

ఇక ఎవరూ రారని నాచమ్మకు అర్థమైంది. దానికి ఏడుపొచ్చింది. పిల్లల్ని కనడం మానేసింది. కడుపులో మిగిలిందంతా కరిగించి ఎర్రటి రంగు చేసి, తెరలా లోపలంతా కప్పుకుంది. కూతురికీ నేర్పింది. వాళ్లను చూసి మడిలోని నాచులన్నీ నేర్చుకున్నాయి. ఎండ ఆ తెర దగ్గరే ఆగిపోయింది. కూతురు బతికింది.

అప్పుడు మొదలయ్యాయి అభినందనలు. ఇదంతా తన దయేనని సూర్యుడన్నాడు. తన పెంపకమని ఉప్పు అంది. ఆ రంగు ఒంటికి మంచిదని విని ఊళ్లోంచి పెద్దమనుషులొచ్చారు. కొంత నాచును తొట్లలో పోసి బాగా మేపారు. కడుపునిండా తిని అది పచ్చబడి కూర్చుంది. అయితే తిండి ఆపేయండని గొడుగుల కింద నిలబడి తీర్మానించారు. కష్టపెడితేనే ఎవరైనా మెరుగవుతారని ఒకాయన దాలమ్మకు బోధించాడు.

దాలమ్మ పార కింద పెట్టింది.

"అది మెరుగవుదామని ఎర్రబడలేదు బాబూ. కూతురు సచ్చిపోతాదని ఎర్రబడింది. ఒకపాలి ఆ గొడుగులు ముడిసేసి మడిలోకి దిగండి. మీకేం రంగొస్తాదో నానూ సూస్తాను."

ఎవరూ దిగలేదు.

అప్పటినుంచే ఆ నాచు సుఖంగా ఉన్నప్పుడు పచ్చగా ఉంటుంది, ఎండా ఉప్పూ ఆకలీ కలిసి మీదపడితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు చూసి ముచ్చటపడేవాళ్లు ఈ రోజుకీ గట్టుమీదే నిలబడతారు.