ఆరని పలక

భ్రమరాంబగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబుకు బదులు పని దొరికేది. గోదావరి నడుమ లంకలో ఉన్న ఆవిడ ఆశ్రమానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇందుకు చిన్నబుచ్చుకునేవారు. అలవాటైనవాళ్ళు మాత్రం ప్రశ్న నోట్లో ఉండగానే కొంగు బిగించేవారు.

ఆ ఏడు వరద తీశాక, ఆశ్రమంలోనే ఉంటున్న మాణిక్యాంబకు ఒక ప్రశ్న వచ్చింది. తన కూతురి పెళ్ళికి పిలవడానికి శుక్రవారం వస్తున్నానని ఆమె అన్న గవర్రాజు కబురు పెట్టాడు. అది విన్నప్పటినుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు.

"అమ్మగారూ, అన్నయ్య మీద నాకే కోపమూ లేదు. మా అమ్మ పోయిననాడే పోనీలే అనేశాను. మరి తన పేరు వింటే ముద్ద దిగదేం? పెళ్ళికి వెళ్ళనా, మాననా?"

భ్రమరాంబగారు వత్తులు చేసుకుంటున్నారు. తల ఎత్తకుండానే, "పడవ అడుగుపలకలు ఊడదీసి ఉంచారు. నీళ్ళు పట్టకుండా వాటికి పూత వెయ్యి తల్లీ. బాగా ఆరనిచ్చి మరీ వెయ్యి," అన్నారు.

అవతలి రేవునుంచి ఆశ్రమానికి బియ్యమూ నూనే భక్తులూ వచ్చేది ఆ చిన్న పడవలోనే. వరదలో మునిగింది కానీ అడుగున పరిచిన ప్లైవుడ్ పలకలు గట్టిగానే ఉన్నాయి. మాణిక్యాంబ వాటిని ఒక పూట ఎండలో తిరగేసి, అరచేత్తో నిమిరి చూసింది. తడి తగల్లేదు. అన్నయ్య ఆ పడవలోనే రావాలి, తను నవ్వుతూ ఎదురెళ్ళాలి, పిలుపు అందుకుని పంపించేయాలి. ఆ తొందరలో రెండు వైపులా రెజిన్ పూత వేసింది. నీళ్ళు పీల్చేవి అంచులేనని తెలుసు గనుక వాటికి ఇంకాస్త పట్టించింది. పలకలు అద్దాల్లా మెరిశాయి.

భ్రమరాంబగారు వచ్చి వంగి చూశారు. "జుట్టు దువ్వుకోవచ్చే," అని మురిసి వెళ్ళిపోయారు.

తర్వాత ఎండ గట్టిగా కాసింది. పూత అప్పడంలా బుడిపెలుగా పొంగింది. మాణిక్యాంబ ఒకదాన్ని గోటితో గిల్లితే మట్టిరంగు నీళ్ళు ఊరాయి.

"చుక్క దూరే సందు లేదు అమ్మగారూ! అంచులు కూడా వదల్లేదు!" మాణిక్యాంబ పలక ఎత్తి చూపించింది.

"బాగా మూశావు తల్లీ," అన్నారావిడ, ఆమె బుగ్గమీద అంటిన రెజిన్ కొంగుతో తుడుస్తూ. "దూరడానికే కాదు, బయటికి రావడానికీ సందు లేదు."

వేసిన పూతంతా గోకడం మొదలైంది. భ్రమరాంబగారు వత్తుల బుట్ట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నారు. సగం పలక గోకాక మాణిక్యాంబ చెయ్యి ఆగింది, నోరు తెరుచుకుంది. అమ్మ పోయిందని తెలిసి బస్సులు మారి ఎలా పరుగెత్తుకొచ్చిందో చెప్పింది. తను నడిగోదాట్లో పడవమీద ఉండగానే ఒడ్డున చితిపొగ కనబడిందట. చివరిచూపు దక్కలేదు. భ్రమరాంబగారు ఓదార్చలేదు, తప్పెవరిదో తేల్చలేదు. "ఊఁ, తర్వాత?" అంటూ, నీడ పడినప్పుడల్లా పలకను ఎండలోకి జరిపారు.

శుక్రవారం గవర్రాజు జాలరివాళ్ళ దోనెలో, మోకాళ్ళదాకా తడిసి వచ్చాడు. చేతిలో చీర, శుభలేఖ ఉన్న సంచీ. "ఏంటి చెల్లాయ్, పడవ విప్పేసి కూర్చున్నారు? పిలుపులకొచ్చేవాణ్ణి ఈదుకుంటూ రమ్మనా?"

ఆమె సిద్ధం చేసుకున్న నవ్వు రాలేదు. "నాకోసం ఎందుకాగలేదన్నయ్యా?"

ఎప్పటి సంగతని అతను అడగలేదు. సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"మబ్బు కమ్మిందని పెద్దాళ్ళు తొందరపెట్టారే. మా చెల్లి వస్తోంది, ఆగండి అనడానికి నాకు నోరు పెగల్లేదు. నువ్వొచ్చి నన్ను చెడామడా తిడతావనుకున్నాను. పోనీలే అన్నావు." ఇసుకలో చతికిలబడ్డాడు. "ఇంక నేనెక్కడ మొదలెట్టను?"

ఇద్దరూ ఏడ్చారు. భ్రమరాంబగారు చెరో గ్లాసు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయారు.

ఎండ వాలాక మాణిక్యాంబ బట్టల సంచీతో వచ్చి ఆవిడ కాళ్ళకు దండం పెట్టింది. "అన్నయ్యతో వెళ్తున్నానమ్మగారూ. మనసింకా..." అని ఆగి, పలకవైపు చూసింది. "దానికి పూత వెయ్యలేదు."

భ్రమరాంబగారు వంగి, పలకకు చెంప ఆనించి చూశారు.

"ఇంకా చల్లగానే ఉంది. ఎండలో ఉంటుందిలే, వెళ్ళిరా. పూత నువ్వొచ్చాక వేద్దువుగాని."