వంతెన మీది అక్షరం

చైనాలో ఒక్కో అక్షరం ఒక్కో మాట. అక్కడ అక్షరాలు దిద్దించే షెన్ గురువు దగ్గర లియాంగ్ అనే శిష్యుడికి నోరు కాస్త ఎక్కువ. ఒకరోజు నిఘంటువు తెచ్చి చివరి పుటలో ఒక అక్షరం చూపించాడు.

"గురువుగారూ, దీని పక్కన 'పలుకు తెలియదు, అర్థం తెలియదు' అని రాశారు. ఇలాంటి అక్షరాన్ని ఎవరు పుట్టిస్తారండీ? పనిలేనివాడెవడో అయ్యుంటాడు."

"పనిలేనివాడు కాదు, పిల్ల ఉన్నవాడు," అన్నాడు గురువు, సిరాకడ్డీ నూరడం ఆపకుండానే.

నది ఒడ్డున ఒక ఊళ్లో వెన్ అనే లేఖకుడు ఉండేవాడట. లేకలేక కూతురు పుట్టింది. జాతకంలో నీరు తక్కువన్నారు. అలాంటి పిల్లకి నీటి గుర్తున్న అక్షరం పేరుగా పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఉన్న అక్షరాలేవీ వెన్ కంటికి ఆనలేదు. నీటి గుర్తుకి మరో గుర్తు చేర్చి తనే కొత్త అక్షరం కట్టాడు, దానికో కొత్త పలుకు పెట్టాడు. ఆ పేరు లోకంలో ఇంకెవరికీ ఉండకూడదని.

పిల్లకి నాలుగేళ్లప్పుడు వరద వచ్చింది. తల్లి నీళ్లలో పోయింది. పడవవాళ్లు ముందుగా పిల్లల్ని ఆవలి గట్టుకి చేర్చారు. కాలు విరిగిన వెన్ ఈవలే ఉండిపోయాడు. మర్నాడు గుడ్డపీలిక మీద కూతురి పేరు రాసి, వెతికి తెమ్మని పడవవాడికిచ్చాడు.

"నాకు చదువు రాదయ్యా. పేరేంటో నోటితో చెప్పు."

"నోటిమాట దారిలో చెడుతుంది. రాసింది చెడదు," అన్నాడు వెన్. లేఖకుడు మరి.

ఆవలి గట్టున దండోరా మనిషి గుడ్డ విప్పి చూశాడు. తెలియని అక్షరం ఎదురైతే, అందులో తెలిసిన సగం చదివి ముందుకి పోవడం ఆ దేశంలో అందరూ చేసేదే. అతనూ అదే చేశాడు. డప్పు కొట్టి ఆ సగం పలుకునే గట్టిగా పిలిచాడు. పిల్ల ముందు వరసలోనే ఉంది. ఎవరి పేరో అనుకుని కదల్లేదు. సాయంత్రం, ఎవరూ అడగని పిల్లల్ని బళ్లెక్కించి తలో ఊరికీ పంపేశారు.

కాలు కుదిరాక వెన్ ఊరూరా తిరిగాడు. కనబడ్డ ప్రతి వంతెన మీదా ఆ అక్షరం చెక్కుతూ పోయి, ఏదో దారిలో చనిపోయాడు. నిఘంటువు వాళ్లు దాన్ని చూసి ఎత్తి రాసుకునేనాటికి చదివి చెప్పేవాళ్లు లేరు.

లియాంగ్ పుటలోని ఆ అక్షరం మీద వేలు పెట్టాడు. "ఆ అమ్మాయి బతికుంటే, ఎక్కడో ఒకచోట దాన్ని చూసే ఉంటుంది కదండీ?"

"చూసే ఉంటుంది," అన్నాడు గురువు. "కానీ దిక్కులేని పిల్లకి చదువెవరు చెప్పిస్తారు? పక్కనే కాసేపు కూర్చుని, చెప్పులో రాయి దులుపుకుని వెళ్లిపోయి ఉంటుంది."